ఎవరి అరుగుదల అది? స్కెచ్‌బుక్‌లో పనిముట్టు చెప్పే సంగతులు

కూకట్‌పల్లి అడ్డా దగ్గర పొద్దున ఆరున్నరకి నిలబడితే ఎవరిది ఏ పనో అడగక్కర్లేదు. సంచిలోంచి తాపీ పిడి బయటికి కనిపించేలా పెట్టుకున్నాయన మేస్త్రి. రంగు మరకలు ఎండిన బ్రష్షు పట్టుకుని నిలబడ్డ కుర్రాడు పెయింటర్. పొడుగాటి రేకు పెట్టె మీద కూర్చున్నాయన వడ్రంగి, లోపల రంపం ఉందని ఆ పెట్టె పొడవే చెబుతుంది. పార, గమేళా పక్కన పెట్టుకున్న ఆలుమగలు మట్టి పనికి వచ్చినవాళ్లు. పని ఇచ్చేవాళ్లు బైకు దిగకుండానే చూపుతో ఎంచుకుంటారు. అక్కడ పనిముట్టే బోర్డు.

నేను కొన్నాళ్లుగా స్కెచ్‌బుక్ పట్టుకుని ఆ అడ్డాకు వెళ్తున్నాను. మనుషుల్ని గీయడానికే వెళ్లాను కానీ మనుషులు కదులుతారు, బండి ఆగగానే లేచి పరిగెత్తుతారు. పనిముట్లు మాత్రం నేల మీద కుదురుగా ఉంటాయి. అలా ఒక రోజు ఒక తాపీ నా కంటబడింది. రావి ఆకులాంటి రేకు. ఒక అంచు సన్నగా లోపలికి ఒంపు తిరిగి అరిగిపోయింది. కొన మొద్దుబారింది. కర్ర పిడి చీలితే సైకిల్ ట్యూబు ముక్క గట్టిగా చుట్టారు. ఆ ట్యూబు మీద బొటనవేలు ఆనే చోట ఒక పావలా బిళ్లంత మేర నున్నగా మెరుస్తోంది. పావుగంట పట్టింది గీయడానికి. గీస్తున్నంతసేపూ మనసులో ఒక కథ నడుస్తూనే ఉంది: ఎన్ని గోడలు లేపి ఉంటుంది, ఎన్ని అపార్ట్‌మెంట్లు, ఎంత సిమెంటు తిని ఉంటుంది. బొమ్మ కింద ‘ముప్పై ఏళ్ల చెయ్యి’ అని రాసి, తాపీ పక్కనే కూర్చున్న పెద్దాయనకు చూపించాను.

“ఎన్నేళ్ల నుంచి వాడుతున్నరు అన్నా దీన్ని?” అని అడిగాను.

ఆయన బొమ్మను తిప్పి తిప్పి చూశాడు. “మంచిగనే గీసినవ్ సార్. కానీ గిది నాది కాదు. అంటే నాదే. రెండు నెలలైతుంది, జుమ్మేరాత్ బజార్ల కొన్న. గా అరుగుడు నాది కాదు, ఎవరిదో.”

జుమ్మేరాత్ బజార్ తెలియనివాళ్లకు: పాతబస్తీ అంచున పురానాపూల్ దగ్గర గురువారం గురువారం జరిగే పాత సామాన్ల సంత. పాత స్పానర్లు, పాత తాళాలు, ఎవరి ఇంట్లోంచో వచ్చిన గడియారాలు, ఎవరి చేతిలోంచో జారిన సుత్తులు అక్కడ నేల మీద పరుచుకుని ఉంటాయి.

నా ముప్పై ఏళ్ల కథ ఆ ఒక్క మాటతో కూలిపోయింది. కానీ బొమ్మ కూలిపోలేదు, అదే నన్ను ఆలోచనలో పడేసింది. అరుగుదల నిజం, దాన్ని నేను సరిగ్గానే గీశాను. ఎవరిదన్నదే తప్పు. మరి పనిముట్టు బొమ్మలో మనం చదివే అర్థం ఎక్కడినుంచి వస్తుంది? వస్తువులోంచా, వాడిన మనిషిలోంచా, గీసేవాడి తలలోంచా? ‘కొడవలి అంటే రైతు, సుత్తి అంటే కార్మికుడు’ అనే పట్టిక ఒకటి చాలామంది మనసులో ఉంటుంది. స్కెచ్‌బుక్‌లోని పనిముట్టుకు ఆ పట్టిక సరిపోదని నా నమ్మకం. ఎందుకు సరిపోదో చెప్పాలంటే ముందు ఒక జత బూట్ల గొడవ చెప్పాలి.

ఆ బూట్లు ఎవరివి?

1886లో పారిస్‌లో ఉన్నప్పుడు డచ్చి చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో ఒక జత పాత బూట్లు గీశాడు. లేసులు ఊడి, తోలు వంకరపోయి, మడమలు కుంగిపోయిన బూట్లు. పక్కన మనిషి లేడు, వెనక ఇల్లు లేదు. 1930లలో జర్మన్ తత్వవేత్త మార్టిన్ హైడెగర్ కళ గురించి ప్రసంగిస్తూ ఆ బొమ్మ తీసుకున్నాడు. అవి ఒక రైతు స్త్రీ బూట్లన్నాడు. ఆ తోలులో పొలం తేమ ఉంది, సాయంకాలం ఒంటరి దారి ఉంది, తిండి గింజల మీద ఆమెకున్న దిగులు ఉంది అని చాలా గొప్పగా వర్ణించాడు. చదివితే నిజంగానే ఒళ్లు జలదరిస్తుంది.

1968లో అమెరికాలోని కళా చరిత్రకారుడు మేయర్ షాపిరో దాన్ని కాదన్నాడు. అవి రైతు స్త్రీవి కావు, చిత్రకారుడి సొంత బూట్లు, అప్పటికి అతను నగరంలో బతుకుతున్నవాడు, హైడెగర్ తన తలలోని పల్లెను ఆ బూట్లకు తొడిగాడు అన్నాడు. 1978లో ఫ్రెంచి తత్వవేత్త జాక్ డెరిడా ఇద్దరినీ కలిపి ప్రశ్నించాడు: అసలు అది జతేనని మీకెలా తెలుసు? రెండూ ఒకే కాలివి కావచ్చుగా? బూట్లను ఎవరో ఒకరికి అప్పజెప్పాలన్న తొందర మీకెందుకు?

ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఇంకొకటి ఉంది. వాన్ గోతో పాటు పారిస్‌లో బొమ్మలు నేర్చుకున్న ఒకాయన తర్వాత గుర్తు చేసుకున్న సంగతి అది. ఆ బూట్లు పాత సామాన్ల సంతలో కొన్నవట. కొన్నాక వాన్ గో వాటిని వేసుకుని వానలో నడిచి, బురద పట్టించి, అప్పుడు గీశాడట. ఇది చదివిన రోజు నాకు వెంటనే జుమ్మేరాత్ బజారే గుర్తొచ్చింది. సగం అరుగుదల ఎవరిదో, సగం బురద ఇతనిది.

మనకు దీని పాఠం వేరే చోట ఉంది. హైడెగరే అంతకుముందు, 1927లో, సుత్తి గురించి ఒక మంచి మాట చెప్పాడు. పని సాఫీగా జరుగుతున్నంతసేపూ సుత్తి మన కంటికి ఆనదు, మేకు మీదే ధ్యాస ఉంటుంది. పిడి ఊడినప్పుడే ‘అరే, సుత్తి’ అని దాన్ని చూస్తాం. మనింట్లోనూ అంతే కదా. మిక్సీ తిరుగుతున్నంతకాలం మిక్సీ లేదు, ఆగిపోయిన రోజే ఉంది. స్కెచ్ గీసేవాడు అలా పాడుకాకుండానే వస్తువును కంటికి కనబడేలా చేస్తాడు. పనిలోంచి దాన్ని కాసేపు పక్కకు తీసి చూస్తాడు. ఆ కాసేపట్లోనే అర్థాలు వచ్చి మూగుతాయి, మంచివీ చెడ్డవీ.

పోలిక, ఒప్పందం, జాడ

అర్థాలు మూగే దారులు మూడని అమెరికన్ తత్వవేత్త చార్లెస్ శాండర్స్ పర్స్ (1839–1914) విడదీశాడు. ఆయన వాడిన పదాలు పక్కన పెట్టి మన మాటల్లో చెప్పుకుందాం. మొదటిది పోలిక: బొమ్మ వస్తువులా ఉంది కాబట్టి తెలిసింది. రెండోది ఒప్పందం: అందరం అలా అనుకున్నాం కాబట్టి తెలిసింది, ఎర్ర లైటు అంటే ఆగడంలాగా. మూడోది జాడ: అసలు సంగతి జరిగింది కాబట్టే ఈ గుర్తు పడింది, తడి నేల మీద అడుగులాగా.

జాడ సంగతి మన తర్కశాస్త్రానికి కొత్త కాదు. కొండ మీద పొగ చూసి నిప్పుందని తెలుసుకోవడం దానికి పాత ఉదాహరణే. ఆవిరిని చూసి పొగ అనుకుంటే మోసపోతామన్న జాగ్రత్త కూడా ఆ శాస్త్రంలోనే ఉంది. నా తాపీ దగ్గర జరిగింది అదే. పొగ నిజమే, నిప్పు ఎవరి ఇంట్లోదో పొరపడ్డాను.

పోలికకూ ఒప్పందానికీ ఉన్న బంధం చూడాలంటే మన ఓటింగ్ యంత్రం కంటే మంచి చోటు లేదు. 1951 జనాభా లెక్కల్లో దేశంలో అక్షరాస్యత 18 శాతం చిల్లర. అందుకే 1951–52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల నుంచే పార్టీలకు బొమ్మ గుర్తులు ఇచ్చారు. కాంగ్రెస్‌కు కాడెద్దులు, కమ్యూనిస్టు పార్టీకి కంకి కొడవలి. తర్వాతి దశాబ్దాల్లో ఎన్నికల సంఘంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసిన ఎం.ఎస్.సేఠీ అలాంటి గుర్తులు ఎన్నో పెన్సిల్‌తో గీశాడు. దువ్వెన, కుట్టు మిషను, నిచ్చెన, లాంతరు లాంటి రోజువారీ వస్తువులే ఆ జాబితా నిండా. ఈ దేశంలో కోట్లమంది వేలి కింద పడిన బొమ్మలు అవి. చిత్రకళ గురించి రాసేటప్పుడు వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఆ బొమ్మలకు ఒక షరతు ఉంది. అరుగుదల ఉండకూడదు. ఎవరి కొడవలో తెలియకూడదు, అందరి కొడవలి కావాలి. గీత గట్టిగా, ఒకే మందంలో, నీడ లేకుండా ఉండాలి. ఇలా వస్తువుల్ని వట్టి ఆకారాలకు కుదించేస్తే ఏమవుతుందో 2022 మునుగోడు ఉప ఎన్నిక సమయంలో తెలంగాణ చూసింది. రోడ్డు రోలర్, చపాతీ రోలర్, కుట్టు మిషను, ఓడ లాంటి కొన్ని గుర్తులు తమ కారు గుర్తును పోలి ఉన్నాయనీ, ఓటర్లు పొరబడుతున్నారనీ అప్పటి టీఆర్‌ఎస్ ఎన్నికల సంఘాన్ని ఆశ్రయించింది. వంటింట్లో చపాతీ చేసేవాళ్లెవరూ ఆ కర్రను కారు అనుకోరు. కానీ చేతి జాడలన్నీ తుడిచేసి వేలెడంత గడిలో పెడితే, మిగిలేది ఒక అడ్డగీతా రెండు గుండ్రాలూ. అప్పుడు రెండూ దగ్గరి చుట్టాలైపోతాయి.

గుర్తు కావాలంటే వస్తువు తన ఒంటి మీది జాడను వదులుకోవాలన్నది ఇక్కడ బయటపడుతుంది. దీనికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం మన జెండా.

1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో పింగళి వెంకయ్య జెండా నమూనా గాంధీకి చూపించాడు. దాని మీదికి రాట్నం వచ్చింది. ఆనాటికి రాట్నం ఇళ్లలో నిజంగా తిరుగుతున్న పనిముట్టు. దాని చక్రం, దారం, కదురు అన్నీ చేతికి తెలుసు. 1947 జూలై 22న రాజ్యాంగ సభ జాతీయ జెండాను ఆమోదించినప్పుడు రాట్నం బదులు అశోక చక్రం వచ్చింది. దానికి నెహ్రూ సభలో చెప్పిన కారణాల్లో ఒకటి పూర్తిగా బొమ్మకు సంబంధించింది: రాట్నంలో చక్రం ఒక పక్క, కదురు ఒక పక్క ఉంటాయి, జెండాను రెండో వైపు నుంచి చూస్తే అది తిరగబడి కనిపిస్తుంది. చక్రం ఒక్కటే అయితే ఎటునుంచి చూసినా ఒకటే. ఆ మాట సబబే, జెండాకు అది కావాలి. కానీ బొమ్మలు గీసే మనిషిగా నాకు కనిపించేది ఒకటుంది. పోయింది కదురు. దారం పుట్టే చోటు, వడికే మనిషి వేళ్లు మెదిలే చోటు సరిగ్గా అదే.

కొడవలిది ఇంకో కథ. రష్యా విప్లవం తర్వాత సుత్తీ కొడవలీ ఒకదాని మీద ఒకటి చేరి రైతు, కార్మికుల ఐక్యతకు గుర్తయ్యాయి. ప్రపంచంలో ఎన్ని గోడల మీద రాశారో! ఆ కొడవలి ఎప్పుడూ కొత్తదే, ఎప్పుడూ పదునే, దాని పళ్లు ఒక్కటీ విరగవు. 1946 చివర్లో చిత్రకారుడు సోమనాథ్ హోర్ కమ్యూనిస్టు పార్టీ పంపితే ఉత్తర బెంగాల్‌లోని రంగ్‌పూర్ పల్లెలకు వెళ్లాడు. పంటలో మూడింట రెండు వంతులు తమకే కావాలని కౌలు రైతులు పోరాడుతున్న తెభాగా ఉద్యమం అక్కడ నడుస్తోంది. ఇక్కడ తెలంగాణలో సాయుధ పోరాటం రాజుకున్న ఏడాదీ అదే. హోర్ రోజూ డైరీ రాసుకుంటూ పక్కనే బొమ్మలు వేసుకున్నాడు. కోతలు, పనలు మోయడం, రాత్రి సమావేశాలు. ఆ రైతుల ఉద్యమ జెండా మీద కొడవలి ఉంది, వాళ్ల చేతిలోనూ కొడవలి ఉంది. జెండా మీదిది చదవడానికి, చేతిలోది వరి కోయడానికి. ఒకే వస్తువు ఒకే పూట రెండు బతుకులు బతికింది. స్కెచ్‌బుక్ పట్టుకున్నవాడు చేతిలోని కొడవలిని చూడకుండా జెండా మీది కొడవలినే దించేసుకుంటే అక్కడిదాకా వెళ్లిన ప్రయాణం వృథా.

ముట్టుకునేది, ముట్టుకోవద్దన్నది

పనిముట్టు. ఈ మాటను ఒకసారి నెమ్మదిగా పలకండి. వ్యుత్పత్తి సంగతి పండితులు తేలుస్తారు, నా చెవికి మాత్రం అందులో ‘ముట్టు’ అన్నది స్పర్శగానే వినిపిస్తుంది. పనిని ముట్టే వస్తువు, చెయ్యి ముట్టే వస్తువు. కానీ ఇదే భాషలో, ఇదే నేల మీద, ‘ముట్టుకోవద్దు’ అన్న మాట ఎంతమంది వీపుల మీద ఎన్ని తరాలు కొరడాలా పడిందో మనందరికీ తెలుసు. అందువల్ల మన దగ్గర పనిముట్టు బొమ్మ వాన్ గో బూట్లంత తేలిక కాదు. ‘ఎవరిది?’ అన్న ప్రశ్నకు ఇక్కడ ‘ఏ కులం వాళ్లది?’ అనే రెండో ప్రశ్న నీడలా అంటిపెట్టుకుని ఉంటుంది.

ఈస్టిండియా కంపెనీ కాలంలో తెల్లదొరలు తంజావూరు, తిరుచ్చి లాంటి చోట్ల మన చిత్రకారులతో ఆల్బమ్‌లు వేయించుకున్నారు. పుటకో జంట. కుమ్మరి, అతని భార్య, పక్కన కుండ. చాకలి, అతని భార్య, పక్కన మూట. మొహాలు దాదాపు ఒకేలా ఉంటాయి, మారేది చేతిలోని వస్తువు. అక్కడ పనిముట్టు పని చేయదు, మనిషి మెడలో చీటీలా వేలాడుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉండే ఆ బొమ్మలను నేను ఎక్కువసేపు చూడలేను.

అదే కులవృత్తిని చేర్యాల నకాషీ పటం మరోలా చూపిస్తుంది. చింతగింజల అంబలి, సుద్ద పట్టించిన గుడ్డ మీద ఎర్రటి నేపథ్యంతో, గజాల కొద్దీ పొడవున సాగే పటాలు అవి. పద్మశాలీలకు కూనపులివాళ్లు పటం విప్పి కథ చెబుతారు: వాళ్ల మూలపురుషుడు భావనారుషి తామర తూళ్ల నారతో దేవతలకు బట్ట నేశాడని. అలా మగ్గానికి దేవలోకంలో పుట్టుక దొరుకుతుంది. వింటున్న నేతగాడికి తన చేతిలోని నాడె, మగ్గంలో దారాన్ని అటూ ఇటూ మోసే ఆ ముక్క, ఆ రాత్రి వేరేగా కనిపించి ఉంటుంది. ఇందులో గౌరవం ఉంది, ఆ గౌరవాన్ని తక్కువ చేయలేను. అయితే కంపెనీ బొమ్మ మనిషిని పనికి కట్టేసినట్టే, పురాణం కూడా పువ్వుల తాడుతో కట్టేస్తుంది. రెండూ నిజమే.

1938లో హరిపురలో జరిగిన కాంగ్రెస్ మహాసభ కోసం, గాంధీ కోరిక మీద, నందలాల్ బోస్ తన శిష్యులతో కలిసి దాదాపు 400 పోస్టర్లు వేశాడు. డోలు వాయించేవాడు, దర్జీ, వడ్లు దంచే ఆడవాళ్లు. చవక కాగితం, మట్టి రంగులు, చకచకా సాగిన గీత. వాటిలో పనిముట్టు చీటీ కాదు, దేవుడిచ్చిన వరమూ కాదు, ఒంటి కదలికలో ఒక భాగం. డోలు వంపూ భుజం వంపూ ఒకే గీతలో సాగిపోతాయి. నాకు ఈ దారి నచ్చుతుంది.

ఇంకో దారి ఉంది, అది ఈ నేలలోనే పుట్టింది. అంటరానితనానికి చిహ్నంగా చూసిన డప్పును 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం గర్వంగా వీధిలోకి తెచ్చింది. గొల్లకురుమల గొంగడిని గద్దర్ భుజాన వేసుకుని వేదికలెక్కితే అది ఒక తరానికి పాట గుర్తయింది. వస్తువు మారలేదు, ఎవరు ఎత్తి పట్టుకున్నారన్నది మారింది, దాంతో ఒప్పందమే తిరగబడింది. డప్పు గీసేవాళ్లు ఇవాళ ఈ చరిత్రంతా తెలిసి గీయాలి. తోలును ఏ చేతులు శుభ్రం చేశాయి, మంట దగ్గర ఏ చేతులు కాచాయి అన్నది వదిలేసి రంగుల పండుగ బొమ్మగా గీస్తే అది అలంకారం.

చీపురు దగ్గర నాకు ఇంకా ఎక్కువ టెన్షన్. తెల్లవారుజామున ఈ నగరం రోడ్లు ఊడ్చే ఆడవాళ్ల పొడుగు కర్ర చీపుర్లు చాలాసార్లు గీశాను. చీపురు చుట్టూ వెలుగు పెట్టి ‘శ్రమ గౌరవం’ అని పేరు పెట్టడం చాలా సులువు. ఆ పని ఎవరి వాటాకు ఎందుకొచ్చిందో ఆ వెలుగులో కనిపించకుండా పోతుంది. అందుకే వెలుగు మానేశాను. కర్రకు చీపురును దేంతో కట్టారో గీస్తున్నాను. ఒకామె పాత చీర అంచుతో కట్టుకుంది, ఒకామె కరెంటు వైరుతో. జారకుండా వాళ్లే చేసుకున్న ఏర్పాటు అది. ఆ ముడిలో వాళ్ల తెలివి ఉంది.

కాగితం మీద ఏం జరుగుతుంది

ఇంతకీ జాడను పెన్సిల్‌తో ఎలా పట్టుకుంటారు? పద్ధతి కంటే నాకు జరిగిన ఒక అనుభవం చెప్తాను.

మా కాలనీలో వేప చెట్టు కింద ఒక ఇస్త్రీ బండి ఉంది. బొగ్గుల పెట్టె, దగ్గర దగ్గర ఐదారు కిలోల బరువు. మొదట పెట్టెనే గీశాను, నాలుగైదు సార్లు. ప్రతిసారీ అది పాతకాలపు వస్తువుల షాపులో పెట్టే ముచ్చటైన సామానులా వచ్చింది. ఇత్తడి మెరుపు, కర్ర పిడి, పొగ. ఏదో తప్పుతోందని తెలుస్తోంది కానీ ఏమిటో తెలియడం లేదు. ఒక రోజు ఆయన భోజనానికి వెళ్తూ పెట్టెను కింద రాయి మీద దించి వెళ్లాడు. అప్పుడు కనిపించింది: బండి బల్ల మీద, కుడి పక్క మూల, చెక్క నల్లగా మాడి ఉంది. అచ్చం పెట్టె అడుగు ఆకారం, ముందు కొన, వెనక వెడల్పు. ఒక్క మచ్చ కాదు, ఒకదాని మీద ఒకటి కొంచెం కొంచెం జరిగిన ఎన్నో మచ్చలు. చొక్కా మడత తిప్పేటప్పుడల్లా చెయ్యి చూడకుండానే పెట్టెను అక్కడే పెట్టి ఉంటుంది. ఆ మచ్చకూ దుప్పటికీ మధ్య నీళ్ల గిన్నె. నీళ్ల గిన్నె దగ్గర చెక్క ఉబ్బి పగిలింది. ఒక చేతికి నిప్పు, ఒక చేతికి నీళ్లు, మధ్యలో ఊళ్లోవాళ్ల బట్టలు.

ఆ రోజు నేను పెట్టెను గీయలేదు. మాడిన మచ్చనూ, పగిలిన చెక్కనూ గీశాను. ఆయన తిరిగొచ్చి బొమ్మ చూసి, “పెట్టె ఏది సార్?” అని అడగబోయి ఆగి, మచ్చ మీద వేలు పెట్టి, “ఇది మా నాయన ఉన్నప్పటి నుంచి ఉంది. ఆయన పెట్టిన కాడనే నేనూ పెడుతున్న” అన్నాడు. ఈ మధ్య గ్యాస్ ఇస్త్రీ పెట్టెలు వస్తున్నాయి. రేపు ఆయనా కొనుక్కుంటే బొగ్గు నుసి, పొగ బాధ తప్పుతాయి, తప్పాలి కూడా. బల్ల మీది మచ్చ మాత్రం అక్కడితో పెరగడం ఆగిపోతుంది.

వాన్ గో 1888లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌ ఊళ్లో తన గడ్డి అల్లిన కుర్చీని గీసి, దాని మీద పొగాకు పైపు పెట్టి, మనిషిని వదిలేశాడు. లేని మనిషి ఆ కుర్చీలో ఎంత బరువుగా కూర్చున్నాడో చూసినవాళ్లకు తెలుస్తుంది. మచ్చ గీశాక ఆ కుర్చీ నాకు ఇంకొంచెం అర్థమైంది.

దీనికి పూర్తిగా ఎదురు దారి కూడా ఉంది, దానికీ ఉపయోగం ఉంది. 18వ శతాబ్దంలో దిదెరో సంపాదకత్వంలో వచ్చిన ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వంలో 11 సంపుటాలు వట్టి చిత్ర ఫలకాలే. అందులో ప్రతి వృత్తి పనిముట్లూ వరసగా, శుభ్రంగా, కొత్తగా పరిచి ఉంటాయి. చూసి అలాంటిది తయారు చేసుకోవచ్చు. కానీ ఎవరు వాడారో, ఎంత కష్టపడ్డారో అందులో వెతికితే దొరకదు. స్కెచ్‌బుక్‌లో చాలామంది కొత్తవాళ్లు తెలియకుండానే ఈ ఫలకాలే గీస్తారు. కత్తెర రెండు పక్కలా సమంగా, సుత్తి తిన్నగా, నీడ పద్ధతిగా. నేనూ చాలా ఏళ్లు అలాగే గీశాను. కత్తెర అసలు సమంగా ఉండదు. దర్జీ కత్తెరలో బొటనవేలి కన్ను ఒకలా, మిగతా వేళ్ల కన్ను ఒకలా ఉంటుంది. గంటల తరబడి కోస్తే ఒరుసుకుంటుందని కొందరు దర్జీలు ఆ కన్నుకు గుడ్డ పేలిక చుట్టుకుంటారు. పెన్సిల్ ఆగాల్సింది ఆ పేలిక దగ్గర.

దసరా రోజు ఈ లెక్క అంతా తలకిందులవుతుంది. రాణిగంజ్ షాపుల్లో, మెకానిక్ షెడ్లలో, ఆటో స్టాండ్లలో ఆయుధ పూజ. లేత్ మిషనుకు పసుపు కుంకుమ, స్పానర్లకు బంతిపూలు, షెడ్డు ముందు పగిలిన గుమ్మడికాయ. సంవత్సరమంతా గ్రీజు పట్టిన వస్తువు ఆ రోజు కడుక్కుని కూర్చుంటుంది. జాడలన్నీ పసుపు కింద దాక్కుంటాయి. గీయడానికి అందరికీ ఇష్టమైన రోజు అదే, రంగులుంటాయి కాబట్టి. నేను దసరా మర్నాడు వెళ్తాను. స్పానర్ తిరిగి పనిలో పడి ఉంటుంది, నట్టు పట్టే దవడల్లో గ్రీజు, దాని పైన ఇంకా పోని పసుపు. పూజా పనీ ఒకే ఇనుము మీద రెండు పూతలుగా ఉంటాయి. అది గీయడం కష్టం, పెన్సిల్‌కు రంగు లేదు కదా. పక్కన ‘పసుపు’ అని రాసుకుంటాను. స్కెచ్‌బుక్‌లో ఆ స్వేచ్ఛ ఉంది. గోడకు వేలాడే చిత్రంలో మాట రాస్తే ఎబ్బెట్టు, ఇక్కడ మాట కూడా ఒక గీతే.

అడగడం సంగతి కూడా చెప్పాలి. పనిముట్టు గీసేముందు అడగాలి. మనిషిని గీస్తే అడగాలని అందరికీ తెలుసు, వస్తువుకు ఎందుకని అనుకుంటారు. అడ్డాలో తాపీ పక్కకు పోతే ఆ రోజు కూలీ పోయినట్టే. అపరిచితుడు దాని ముందు గొంతుక్కూర్చుంటే ఆయన కళ్లు బండి వైపు ఉండాలా, మన వైపు ఉండాలా? పైగా అడిగితేనే మాట వస్తుంది, మాట వస్తేనే మన కథ తప్పని తేలుతుంది. షాపిరో హైడెగర్‌కు ఉత్తరం రాసి ‘మీరు చెప్పింది ఏ బొమ్మ గురించి?’ అని అడిగాడు. బూట్లను అడగడానికి వీల్లేకపోయింది. నాకు మాత్రం తాపీ పక్కనే మనిషి ఉన్నాడు.

మూడు వారాల తర్వాత అదే అడ్డాలో ఆయన మళ్లీ కనిపించాడు. నారాయణపేట వైపు ఊరు. ఆ పుట తెరిచి, ‘ముప్పై ఏళ్ల చెయ్యి’ అన్న మాట కొట్టేసి ఉండటం చూపించాను. ఆయన తాపీ నా చేతికిచ్చాడు. అప్పటిదాకా నేను దాన్ని పట్టుకోలేదు. పట్టుకుంటే కుదరలేదు, పిడి మీద ట్యూబు చుట్టు నా వేళ్లకు అడ్డం వస్తోంది.

“ఆ చేతికి కాదు సార్” అన్నాడు. “నాది ఎడమచెయ్యి. ట్యూబు నేనే చుట్టిన, నా చేతికి. మునుపు వాడినోడు కుడిచేతోడు. ఆయన అరగదీసింది గా పక్క. నాది ఈ పక్క అరుగుతది. ఇగో, చూడుండ్రి.”

వెలుతురుకు అడ్డంగా తిప్పి చూపించాడు. నేను మొదట గీయకుండా వదిలేసిన రెండో అంచు మీద, కొనకు రెండు వేళ్ల దూరంలో, ఇనుము కొత్తగా మెరుస్తోంది. గోరు వెడల్పు కూడా లేదు. పెన్సిల్ చెక్కుకుని, పాత బొమ్మ పక్కనే ఉన్న ఖాళీలో, ఈసారి ఆ అంచుతో మొదలుపెట్టాను. సగం అయ్యేసరికి ఒక బండి వచ్చి ఆగింది. ఆయన తాపీ తీసుకుని లేచాడు.